మా నాన్న రక్తం, మా గుంట నొప్పి

మా ఇంట్లోకి దేవుడు జ్వరం తగ్గించినవాడిగా వచ్చాడు. అరకు సంతకు దిగే దారికి పైన, కాఫీ తోటల మధ్య ముప్పై గడపల ఊరు మాది. నేను పుట్టకముందు ఒక వానాకాలం ఆ ఊళ్లో చలిజ్వరం పడింది. చాలా ఇళ్లలో మనుషులు పోయారు. మా నాన్న కూడా పోతాడనే అనుకున్నారు. రోగానికి కారణం చెప్పే దిసారి వచ్చి, కొండదేవతకు కోపం వచ్చిందన్నాడు. కోళ్లు కోశారు. జ్వరం దిగలేదు. అప్పుడు కింది ఊళ్ల నుంచి కాలినడకన వచ్చే ఒక సువార్తికుడు మంచం పక్కన మోకరించి, నాన్న నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. రెండు రోజులకు నాన్న లేచి, గోడ పట్టుకొని బయటికి వచ్చాడు.

మాది క్రైస్తవ కుటుంబం అయిన కథ ఇంతే. నాన్న బతికినన్నాళ్లూ ఈ సాక్ష్యం చెప్పాడు. క్రిస్మస్‌కు చెప్పేవాడు, ఈస్టరుకు చెప్పేవాడు, ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే వాళ్లింటికి వెళ్లి మరీ చెప్పేవాడు. "అడిగినాను, ఇచ్చినాడు" అని ముగించేవాడు. అమ్మ కూడా నాన్నతో పాటే బాప్తిస్మం తీసుకుంది కాని, కొండవైపు తిరిగి దండం పెట్టడం పూర్తిగా మానలేదు. "ఆయమ్మ ముందునుంచీ ఇక్కడే ఉన్నాది గదా, మొకం సాటేత్తే బాగుంటాదా?" అనేది. నాన్న విననట్టు ఊరుకునేవాడు.

నేను ఆ సాక్ష్యం వింటూ పెరిగాను. పెద్దయ్యాక కొండ దిగి మైదాన ప్రాంతంలో రెండేళ్లు బైబిలు చదువుకొని వచ్చి, మా ఊరి మందిరానికే పాస్టరునయ్యాను. పాస్టరు అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. రేకుల కప్పు వేసిన ఒక గది, యాభై అరవై మంది సంఘం. మిగతా రోజుల్లో నేను కూడా అందరిలాగే కాఫీ పళ్లు కోసేవాడిని, చోళ్లు, అంటే రాగులు, చల్లేవాడిని. ఆదివారం మాత్రం చాలా గట్టిగా మాట్లాడేవాడిని. నా ప్రసంగాలన్నిటి సారం ఒకటే. అడిగితే దేవుడు ఇస్తాడు. ఇవ్వలేదంటే అడిగేవాళ్లలో ఏదో లోపం ఉంది. ఆ రెండో మాట ఎంత బరువైనదో అప్పట్లో నాకు తెలియదు. అది ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదే పడేది.

పెళ్లైన మూడేళ్లకు మాకు గుంట, అంటే ఆడపిల్ల, పుట్టింది. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. పాపకు ఏడాది నిండకముందే ఒక చలికాలం పొద్దున చేతులు, పాదాలు వాచాయి. ముట్టుకుంటే కెవ్వుమనేది. వారానికి వాపు తగ్గింది. నెల తిరగకుండా మళ్లీ వచ్చింది. నడక వచ్చాక నొప్పి కాళ్లలోకి, నడుంలోకి చేరింది. ముసురు పట్టినప్పుడు, పొగమంచు దిగిన రోజుల్లో, వాగులో ఆడుకున్న మర్నాడు పాప మంచం మీద మెలికలు తిరిగిపోయేది. ఎక్కడ నొప్పి అంటే ఎముక లోపల అని చెప్పేది. ఒక్కోసారి కళ్లు పచ్చబడేవి. ఒక చోట కామెర్లన్నారు. ఇంకో చోట కీళ్లవాతం అన్నారు. ఇచ్చిన మందులన్నీ మింగించాం.

ప్రార్థనలూ చేశాం. సంఘమంతా చేసింది. ఉపవాసాలున్నాం. నొప్పి తగ్గిన ప్రతిసారీ నేను మందిరంలో నిలబడి దేవునికి కృతజ్ఞత చెప్పేవాడిని. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఏమీ చెప్పేవాడిని కాదు, సంఘమూ అడిగేది కాదు. పాస్టరు కూతురికి జబ్బు నయం కాకపోవడం ఊళ్లో అందరికీ కొంచెం ఇబ్బందిగా ఉండేదనుకుంటాను.

పాపకు ఏడేళ్లప్పుడు జి.మాడుగుల వైపు మూడు రోజుల కూడికలు జరుగుతుంటే తీసుకెళ్లాం. మైదానం నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు రోగుల కోసం ప్రార్థిస్తాడని విన్నాం. ఆయన పాప తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. తర్వాత నన్ను పందిరి పక్కకు పిలిచాడు.

"పాస్టరు గారూ, మీ ఇంట్లో దాచిన పాపం ఒకటుంది. అది బయటపడేదాకా ఈ బిడ్డకు విడుదల లేదు. వెతకండి" అన్నాడు.

నాకు కోపం రాలేదు. నేను పదేళ్లుగా ఇతరులకు చెబుతున్నదే ఆయన నాకు చెప్పాడు.

ఇంటికి వచ్చాక నేనూ నా భార్యా కాఫీ తోటలో కూర్చొని వెతికాం. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది గాని, ఆ పని చాలా శ్రద్ధగా చేశాం. బైబిలు చదువులో ఒక పరీక్ష చూసి రాశానని నేను చెప్పాను. పక్క తోటలోని మిరియాలు రెండు దోసిళ్లు కోసుకున్న సంగతి చెప్పాను. ఆమె పుల్లతో నేల గీస్తూ కూర్చుంది.

"ఒకటున్నాది. సెప్తే కోప్పడతావు."

"సెప్పు."

"పోయినేడు నువ్వు కూడికలకెల్లినప్పుడు గుంట మూడ్రోజులు ఏడిసినాది. అత్త దిసారిని పిలిసింది. కోడిని కోసి, గుంట సేతికి దారం కట్టినారు. నాను వద్దననేదు."

నాకు కోపం కంటే ముందు మనసు తేలికపడింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. కారణం దొరికింది, అది నాది కాదు. అప్పుడు నా మనసులో ఉన్నది అదే.

ఆ ఆదివారం ఆమెను సంఘం ముందు నిలబెట్టాను. ఎవరూ నన్ను చెయ్యమనలేదు. ఆమె పైటచెంగు తల మీదికి లాక్కొని నిలబడి, రెండే మాటలు చెప్పింది. విగ్రహాల వైపు తిరిగాను, క్షమించమని ప్రార్థించండి అంది. ఆ మాటలు కూడా నేను నేర్పినవే. మా అమ్మ మధ్యలోనే లేచి చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది. పాప ముందు చాప మీద కూర్చొని వాళ్లమ్మ ముఖంలోకే చూస్తోంది. సంఘం చేతులు చాపి ప్రార్థించింది. నేను ఆమెన్ అన్నాను.

తొమ్మిది రోజులు నొప్పి రాలేదు. పదో రోజు వచ్చింది. అంతకుముందెన్నడూ అంత గట్టిగా రాలేదు.

నా భార్య పాప నడుంకి కాపడం పెడుతూ, తల ఎత్తకుండా నన్ను ఒకటే అడిగింది. "ఇంకా ఏటైనా సెప్పమంటావా?"

నేను బయటికి వెళ్లి కట్టెలు కొట్టాను. అవసరానికి మించి కొట్టాను.

పాపకు పదకొండేళ్లు వచ్చి ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నప్పుడు, ఒకరోజు పిల్లలందరికీ వేలి చివర పొడిచి రక్తం పరీక్ష చేశారు. తర్వాత తల్లిదండ్రులను రమ్మని కబురు వచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నదే. మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ వేస్తూ చెప్పింది.

"దీన్ని సికిల్‌సెల్ అంటారు. రక్తంలో ఎర్రకణాలు గుండ్రంగా ఉండాలి. మీ పాపకు అవి కొడవలిలా వంగిపోతున్నాయి. చలికి, ఒంట్లో నీళ్లు తగ్గినా, జ్వరం వచ్చినా ఎక్కువ వంగుతాయి. అవి సన్న నాళాల్లో అడ్డం పడితేనే ఆ నొప్పి. పాప అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే ఎముక లోపల నొప్పి."

"ఎందుకొచ్చిందండి?" అని నేను అడిగాను.

"మీ నుంచి ఒకటి, వాళ్లమ్మ నుంచి ఒకటి. ఒక్కటే ఉన్నవాళ్లకు మామూలుగా ఏ బాధా ఉండదు. మీ ఇద్దరూ బాగానే ఉన్నారు కదా. రెండు వైపుల నుంచీ వస్తే జబ్బు."

నా భార్య మెల్లగా అడిగింది. "మాలో ఎవులి తప్పండీ?"

"ఎవరి తప్పూ కాదమ్మా. మీ పెద్దల నుంచి మీకొచ్చింది, మీ నుంచి పాపకు వెళ్లింది. మీకెలా తెలుస్తుంది?"

నా భార్య బల్ల అంచు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నావైపు తిరిగి చూసింది. నేను గోడ మీద అంటించిన ఎముకల బొమ్మను చూశాను.

తర్వాత మా ఇంట్లో అందరికీ పరీక్ష చేశారు. నాలో ఒకటి ఉంది, నా భార్యలో ఒకటి ఉంది. మా అమ్మలో లేదు. అంటే నాకు నాన్న నుంచే వచ్చింది. నాన్న అప్పటికి చనిపోయి నాలుగేళ్లయింది. ఆయనకు వచ్చిన చలిజ్వరం గురించి నేను చెబితే డాక్టరమ్మ ఇంకో సంగతి చెప్పింది. మన్యంలో ఈ రక్తం ఇంతమందిలో ఉండడానికి ఒక కారణం ఉందట. ఒక్కటి మాత్రమే ఉన్నవాళ్లు మలేరియాను, అంటే ఆ చలిజ్వరాన్నే, మిగతావాళ్ల కంటే బాగా తట్టుకుంటారట. తరతరాల జ్వరాల్లో చాలామంది పోగా, ఈ రక్తం ఉన్నవాళ్లు ఎక్కువగా మిగిలారట.

తిరుగు బస్సులో పాప కిటికీ పక్కన నిద్రపోయింది. నేను నాన్న గురించి ఆలోచించాను. ఆయన్ను మంచం మీద నుంచి లేపింది ఆ సువార్తికుడి ప్రార్థనా, ఆయన రక్తమా? రక్తమే అయితే మా ఇంట్లోకి దేవుడు ఎలా వచ్చినట్టు? రెండు మూడు నెలలు నా ప్రసంగాలు చప్పగా సాగాయి. సంఘపెద్ద ఒకాయన, "అయ్యగారూ, ఒంట్లో బాగోలేదేటి?" అని అడిగాడు కూడా.

ఆ తర్వాత నాకు ఒక జవాబు తట్టింది. జ్వరం రావడానికి ఎన్నో తరాల ముందే దేవుడు మా రక్తంలో మందు పెట్టి ఉంచాడు. నాన్న ప్రార్థన వినకముందే దానికి ఏర్పాటు చేశాడు. మా పాప నొప్పి ఆ మేలుకు అవతలి ముఖం. మనకు ఒక వైపే కనబడుతుంది, దేవునికి రెండూ కనబడతాయి. దీన్ని ప్రసంగంగా రాసుకొని చెప్పాను. జనం కదలకుండా విన్నారు. పక్క ఊళ్ల సంఘాల వాళ్లు పిలిచారు. ఒకసారి రాజవొమ్మంగి దాకా వెళ్లి చెప్పి వచ్చాను. శ్రమ ఎందుకు అనే ప్రశ్నకు ఒక కొండ పాస్టరు దగ్గర జవాబుందని పేరు వచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది.

పాప తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. అప్పటికి మందు బిళ్లలు మొదలుపెట్టారు, నొప్పులు తగ్గాయి గాని పోలేదు. ఆ ఆదివారం అరకు నుంచి కొందరు వచ్చారని నేను మళ్లీ ఆ ప్రసంగమే చెప్పాను. చివర్లో, ముందు వరసలో కూర్చున్న పాపను చూపించాను. జనం చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అమ్మాయి అరుగు మీద ఎండలో, మోకాళ్ల మీద వెచ్చని ఉప్పుమూట పెట్టుకొని కూర్చుంది.

"నాన్నా, నువ్వు సెప్పింది ఇన్నాను."

"ఏలగున్నాది?"

"తాత రక్తంలో దేవుడు మందు పెట్టినాడు. దాంతోటి తాత బతికినాడు. అంతేనా?"

"అంతే."

"మరి నాకేటి పెట్టినాడు?"

నేను ఏదో చెప్పబోయాను. అమ్మాయి ఆగలేదు.

"తాతలాటోలు పదిమంది బతకాలంటే నాలాటిది ఒకర్తి ఏడవాల. అదే గదా నువ్వు సెప్పింది?"

"నాను అలగననేదమ్మా."

"నాకలగే ఇనబడింది. నా కాల్లవైపు సూసి సప్పట్లు కొట్టినారు." కాసేపు ఉప్పుమూట ఇటూ అటూ జరిపింది. "సిలువ మోత్తావా అని యేసుప్రబువుని తోటలో అడిగినారు గదా నాన్నా. ఆయన వద్దని ఏడిసినాడు, ఆనక సరేనన్నాడు. ఆయన ఒప్పుకున్నాడు. నన్నెవులూ అడగనేదు."

ఆ మాటలో కోపం లేదు. లెక్కల్లో ఒక తప్పు చూపించినట్టు చూపించింది. నేను రెండేళ్లు బైబిలు చదువుకున్నవాడిని, పదిహేడేళ్లుగా ప్రసంగిస్తున్నవాడిని. ఆ తేడా నాకు ఎప్పుడూ కనబడలేదు. ఎవరైనా తన ఇష్టంతో మోసే సిలువ ఒకటి, అడగకుండా ఒంట్లో పెట్టిన నొప్పి ఒకటి. రెండిటినీ ఒకే మాటతో పిలిచి, రెండో దాన్ని మోసేవాళ్ల చేత కృతజ్ఞత చెప్పిస్తున్నాను.

ఆ ప్రసంగం మళ్లీ చెప్పలేదు. పిలిచినవాళ్లకు వేరే పని ఉందని చెప్పాను. అయితే దాని బదులు ఏం చెప్పాలో తెలియలేదు. ఒక ముసురు రోజున అమ్మాయికి నొప్పి మొదలైంది. నేను బైబిలు తెరిచి పెట్టుకొని, ఆదివారానికి ఏం చెప్పాలా అని కూర్చున్నాను. నా భార్య పొయ్యి దగ్గర నుంచి కేకేసింది.

"పెసంగం తరవాత సూద్దువు. నీల్లు కాగినాయేమో సూడు ముందు."

చూశాను. అప్పటిదాకా నీళ్లు కాచడం, ఉప్పు వేయించి మూట కట్టడం, గంటగంటకూ తాగించడం అన్నీ ఆమే చేసేది. నేను ప్రార్థన చేసేవాడిని. ఆ రోజు మూట నేను కట్టాను. మొదటిసారి మరీ వేడిగా కట్టాను. అమ్మాయి చురుక్కుమని కాలు లాక్కుంది. తర్వాత నా మోచేతి మీద పెట్టి చూసుకోవడం నేర్చుకున్నాను. నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు మాట్లాడితే ఆమెకు చిరాకు. ఊరికే పక్కన ఉండాలి. లేచి వెళ్తే మాత్రం కళ్లు తెరిచి చూసేది.

ఆ ముసురు పోయాక ఒక ఆదివారం, ప్రసంగం చెయ్యకుండా ముందుకు వచ్చి, గతంలో నా భార్యను నిలబెట్టిన చోటే నిలబడ్డాను. చెప్పింది క్లుప్తంగానే చెప్పాను. ఏడేళ్ల కిందట ఇక్కడ ఒక మనిషిని నిలబెట్టి, బిడ్డ జబ్బుకు ఆమె పాపం కారణమన్నాను. అది అబద్ధం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి కన్నవాళ్లదీ కాదని ప్రభువు చెప్పిన సంగతి నేను మీకు ఎన్నోసార్లు చదివి వినిపించాను. నేను మాత్రం వినలేదు. నన్ను క్షమించమని ఆమెను, మిమ్మల్ని, మా అమ్మను అడుగుతున్నాను.

నా భార్య ఆడవాళ్ల వైపు నుంచి నాకే వినబడేటట్టు అంది.

"సర్లే, కూకో. అందరూ సూత్తన్నారు."

ఇంటికి వెళ్లాక చోడి అంబలి గిన్నెలో పోస్తూ మిగతాది చెప్పింది.

"నన్ను నిలబెట్టినందుకు నాను అంత బాద పడనేదు. గుంట సూత్తండగా నిలబెట్టినావు. అమ్మ వల్లే నాకు నొప్పని గుంట ఎన్నాల్లనుకున్నాదో నీకు తెల్సా?"

నాకు తెలియదు. సాయంత్రం అమ్మాయిని అడిగాను. నాలుగో తరగతి దాకా అనుకున్నానని చెప్పింది.

ఆ రోజు లేచి వెళ్లినప్పటి నుంచి మందిరానికి రాని మా అమ్మ మళ్లీ రావడం మొదలుపెట్టింది. కొండవైపు దండం పెట్టడం మానలేదు. నేను ఏమీ అనలేదు. అదే ఏడాది ఆమె చనిపోయింది.

శ్రమ ఎందుకు అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. ఒకప్పుడు పేరు వచ్చింది కాబట్టి ఇంకా అడుగుతూనే ఉన్నారు. నొప్పి ఎలా వస్తుందో చెప్పగలను. డాక్టరమ్మ వేసిన బొమ్మ నాకు కంఠతా వచ్చింది. దేవుడు దాన్ని ఎందుకు ఉండనిస్తున్నాడో నాకు తెలియదు. తెలుసని చెప్పినప్పుడల్లా ఆ జవాబు బరువు ఎవరో ఒకరి మీద వేశాను. మొదట ఊళ్లోవాళ్ల మీద, తర్వాత నా భార్య మీద, ఆఖరికి బిడ్డ మీద.

అయినా నేను పాస్టరుగానే ఉన్నాను, నమ్మకంతోనే ఉన్నాను. ఎందుకని నన్ను నేను ప్రశ్నించుకుంటే దొరికేది ఒకటే. సిలువ మీద క్రీస్తు కూడా ఎందుకని అడిగాడు. తండ్రినే అడిగాడు, గట్టిగా కేక వేసి అడిగాడు. పైనుంచి మాట వచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. అంటే ఆ ప్రశ్న అడగడం అవిశ్వాసం కాదు. దాన్ని అడిగినవాడే నా దేవుడు. మూడో రోజు ఆయన లేచాడు. అది మాటల్లో చెప్పిన కారణం కాదు, నొప్పి చివరి మాట కాదని చేసి చూపించిన పని. ఎందుకు అన్నదానికి అది జవాబు కాదని నాకు తెలుసు. కాని పక్కన ఎవరూ లేరన్న భయానికి జవాబు. ఇది సరిపోతుందా అని మా అమ్మాయిని అడిగాను ఒకసారి. "కొన్ని రోజులు సరిపోద్ది. కొన్ని రోజులు సరిపోదు" అంది. నాకూ అంతే.

నాన్న జ్వరం గురించి కూడా తేల్చుకోవడం మానేశాను. ప్రార్థన విన్న దేవుడు, రక్తాన్ని చేసిన దేవుడు ఒకడే అయితే ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవలసిన పని లేదు. కాని అదే రక్తం నా బిడ్డను ఏడిపించింది కాబట్టి, ఆ మాటను పండగలా చెప్పను. ఎవరైనా పెళ్లికి ప్రార్థన చెయ్యమని వస్తే, అబ్బాయినీ అమ్మాయినీ ముందు రక్త పరీక్ష చేయించుకు రమ్మంటాను. ఇది అవిశ్వాసమని రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్లిపోయాయి. బాధ కలిగింది. నియమం మార్చలేదు.

సంఘం కూడా కొంత మారింది. మా ఆరాధన ఎప్పటినుంచో పొద్దున ఏడింటికే. చలికాలంలో ఆ వేళకు చెట్ల మీంచి మంచు చినుకుల్లా రాలుతుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మా అమ్మాయి రాలేకపోయేది. ఒకరోజు ఆడవాళ్ల ప్రార్థనలో ఎవరో ఈ మాట ఎత్తారు. ఆ తర్వాతి ఆదివారం నలుగురు నా దగ్గరికి వచ్చారు. పదకొండింటికి పెడదామన్నారు, ఎండొస్తుంది. సంఘపెద్ద ఒప్పుకోలేదు.

"ఒకర్తి కోసం అందరి టయిము మార్సేత్తామేటి? పనులెప్పుడు సేసుకోవాల?"

నలుగురిలో పెద్దావిడ ఆయన్ను తిరిగి అడిగింది. "నీ కాలిరిగినప్పుడు కూడిక నీ ఇంటి ముంగిట ఎందుకు పెట్టినాము?"

ఆయన కొంచెంసేపు గొణిగి, చలికాలం వరకేనన్నాడు. తర్వాత అదే అలవాటైపోయింది. ఇప్పుడు ఏడాది పొడుగునా పదకొండింటికే. కొత్తగా వచ్చినవాళ్లు ఇంత ఆలస్యమేమిటని అడుగుతారు. మా అమ్మాయికి చలి పడదని చెబుతాం.

అమ్మాయికిప్పుడు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ పూర్తిచేసి అరకులో ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. రోజూ బిళ్ల వేసుకుంటుంది, సంచిలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉంటుంది. ఏడాదిలో రెండు మూడుసార్లు పెద్ద నొప్పి వస్తుంది.

పోయిన వానాకాలంలో వచ్చింది చాలా గట్టిది. జ్వరంతో మొదలై, రెండో రోజుకు ఛాతీలోకి పాకింది. ఊపిరి తీస్తే నొప్పి. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం బాగా తగ్గిపోయింది, వెంటనే ఎక్కించాలన్నారు. నేనూ నా భార్యా ఒకేసారి చేతులు చాపాం.

అక్కడి నర్సు తల అడ్డంగా ఊపింది. "మీ ఇద్దరిలోనూ అదే ఉంది కదండీ. మీది పనికిరాదు. బయటి నుంచి తెప్పిస్తాం."

సాయంత్రానికి విశాఖపట్నం నుంచి వచ్చిన రక్తం సంచి తెచ్చి తగిలించారు. దాని మీద గ్రూపు రాసి ఉంది, అంకెలు ఉన్నాయి, పేరు లేదు. నా భార్య దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. తర్వాత మంచం అంచున కూర్చొని కళ్లు మూసుకొని, ఆ ఇచ్చినవాళ్లు ఎవరో వాళ్ల ఇల్లు చల్లగా ఉండాలని ప్రార్థించింది. అమ్మాయి ఊపిరి నొప్పితోనే ఆమెన్ అంది. నేను గొట్టంలో చుక్కలు పడడం చూస్తూ కూర్చున్నాను. ఆ గదిలో మా వంశం రక్తానికి చేసేదేమీ లేకపోవడం నాకు ఎందుకో హాయిగా అనిపించింది.

ఐదో రోజు ఇంటికి పంపారు. శనివారం వచ్చాం. సోమవారం బడికి వెళ్తానంది అమ్మాయి, పిల్లలకు పరీక్షలున్నాయని. బుధవారం దాకా కదలడానికి వీల్లేదంది వాళ్లమ్మ. ఇద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. మంగళవారం వెళ్లింది.